మల్లి మస్తాన్‌బాబు

విజయనగరమునకు సమీపమున, విశాఖపట్టణము పోవు రైలుమార్గముమీద, కోరుకొండ యను గ్రామము కలదు. విజయనగర సంస్థానాధీశుల భవనమొకటి అచ్చట 1962 వ సంవత్సరము మొదలుకొని సైనిక పాఠశాలగా నున్నది. మన రెండు జిల్లాలలోను ఆ పాఠశాల పేరు విననివారు అరుదు. అయిదవ తరగతి బాలునకు లెక్కలు చక్కగా వచ్చినచో, వానిని కోరుకొండ పరీక్షకు పంపుడని ఉపాధ్యాయులు తలిదండ్రులకు చెప్పుట వాడుక. అట్లు పరీక్ష వ్రాసి, దూరమైన నెల్లూరు జిల్లానుండి వచ్చి, అచ్చట ఏడేండ్లు చదివిన యొక బాలుని చరిత్రమును మా విద్యార్థులకు ఈ సంచికలో తెలుప దలచితిమి. ఆయన మల్లి మస్తాన్‌బాబు. ఏడు ఖండములయందును మిక్కిలి యెత్తయిన శిఖరములను 172 దినములలో నెక్కినవాడు. భారతీయులలో ఆ యేడింటిని ముగించిన మొదటివాడు. ఆయన మరణించి పదేండ్లు గడచిపోయినవి. మా చిన్న తరగతులవారు అప్పటికి ఉయ్యాలలు దాటినవారు కారు. కాబట్టి వారికి ఈ పేరు క్రొత్త.

మొదట మంచునుగూర్చి యొకమాట. పుష్యమాసపు వేకువను తాటితోపులను కప్పు పొగకును, గడ్డికొనలమీద నిలుచు బిందువులకును, హిమాలయములపై ఏండ్లతరబడి కరగక పేరుకొన్న గడ్డకును మన భాషలో మంచు అను నొక్క మాటయే చెల్లుచున్నది. మనకు వేఱువేఱు మాటలు కావలసిరాలేదు. మనము చూచిన యెత్తులలో మహేంద్రగిరి గొప్పది. శ్రీకాకుళము జిల్లా సరిహద్దునకు ఆవల, ఒడిశాలో నున్న యీ కొండ 1,501 మీటరుల యెత్తు. దానిమీదనైనను హిమము పడదు. గాలి వేయి మీటరులకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున పైకి పోయినకొలది చల్లబడును. ఈ లెక్కను మా విద్యార్థులు వేసి చూతురుగాక. కళింగపట్నపు ఒడ్డున 30 డిగ్రీల వేడిమి యున్ననాడు, 8,848 మీటరుల యెత్తునకు పోయినచో వేడిమి సున్నకు 27 డిగ్రీలు దిగువకు పోవును. దీనిపై గాలిహోరు వేఱు. సముద్రతీరపు ఎండలో పెరిగిన యొక బాలుడు తన శరీరమును, బుద్ధిని అట్టి చోటికి సిద్ధపఱచుకొనుట యెట్లు అనునదే ఈ చరిత్రములో మాకు ముఖ్యముగా తోచిన విషయము.

మస్తాన్‌బాబు 1974 సెప్టెంబరు 3 వ తేదీన నెల్లూరు జిల్లా సంగము దగ్గఱ గాంధీజనసంఘ మను చిన్న గ్రామమున జన్మించెను. కలిగిన ఇల్లు కాదు. 1985 లో, పదునొకండేండ్ల ప్రాయమున, కోరుకొండ పాఠశాలలో చేరెను. ఆ సంవత్సరముననే భారత సైన్యమువారి దండొకటి ఎవరెస్టు శిఖరమును జయింప బయలుదేరెను. ఆ దండులో కోరుకొండ పూర్వవిద్యార్థి యొకరుండిరి. ఆయన లెఫ్టినెంటు ఉదయభాస్కరరావు. అక్టోబరు 7 వ తేదీన మేజరు కిరణ్‌కుమార్ శిఖరమునకు చేరువనుండి జాఱిపడి మరణించిరి. అటుపిమ్మట కొలది దినములకే, సుమారు 7,900 మీటరుల యెత్తున సౌత్ కోల్ అను కనుమయొద్ద గుడారములలో నున్న నలుగురు అధికారులు తుపానులో చిక్కి, పైకి పోలేక, క్రిందికి రాలేక ప్రాణములు విడిచిరి. ఉదయభాస్కరరావు వారిలో నొకరు. మేజరు జయ బహుగుణ మఱియొకరు. ఈయన సోదరుడు హర్ష బహుగుణ 1971 లో ఆ పర్వతముమీదనే మృతినొందియుండెను. ఒకే తల్లి కడుపున పుట్టినవారిద్దఱిని ఒకే కొండ తీసికొనెను.

కోరుకొండలో ఉదయభాస్కరరావు విగ్రహము నిలుపబడెను. ఆ విగ్రహమును చూచియే మస్తాన్‌బాబు మనసు కొండలమీదికి పోయెనని చెప్పుదురు. ఇందు మాకు విచిత్రముగా తోచునది యొకటి కలదు. బాలురకు ఉత్సాహము కలిగింపదలచి మనము సాధారణముగా గెలిచినవారి బొమ్మలను గోడలకు తగిలింతుము. ఈ విగ్రహము గెలిచినవానిది కాదు. శిఖరము చేరక, దారిలో తుపానునకు లోబడిన యువకునిది. ప్రతిదినము దాని ముందునుండి ఆటస్థలమునకు పోవు బాలునకు, కొండ యెట్టిదో ఏ పుస్తకమును చెప్పనంత స్పష్టముగా అది చెప్పియుండును. ఏడేండ్లు దానిని చూచిన పిమ్మటకూడ ఆ బాలుడు కొండలనే కోరుకొనెను. తెలియక కోరుకొన్న కోరిక కాదది.

చదువులను త్వరగా చెప్పి విడిచెదము. 1992 లో కోరుకొండ విడిచి, జంషెడ్‌పూరు ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రము చదివెను. సత్యం కంప్యూటర్సు అను సంస్థలో కొంతకాలము ఉద్యోగము చేసెను. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి. లో పై చదువును, 2002 నుండి 2004 వఱకు కలకత్తా ఐ.ఐ.యం. లో వ్యాపార నిర్వహణ విద్యను ముగించెను. ఇందులో ఏ యొక్క పట్టము చేతికి వచ్చినను, మన ఇండ్లలో బంధువులను పిలిచి భోజనములు పెట్టుదురు. ఆయన అన్నియు గడించి, వానితో జీతము వెదకక, కొండలు వెదకెను. దీనినిగూర్చి తలిదండ్రులు ఏమనుకొందురో మేమెఱుగుదుము. కాని ఆ చదువు వృథాపోలేదనుట ఆయన 2006 లో చేసిన పనిని కొంచెము పరిశీలించినచో తెలియగలదు.

దానికి ముందు, కొండనెక్కువిద్య యనగా నేమో మా పాఠకులకు చెప్పవలెను. మన దేశమున దీనికి ప్రత్యేక పాఠశాలలు కలవు. డార్జిలింగులో 1954 లోను, ఉత్తరకాశిలో 1965 లోను స్థాపింపబడినవి వానిలో ముఖ్యములు. ఎవరెస్టును 1953 లో మొదట నెక్కిన ఇద్దఱిలో నొకరైన టెన్‌సింగ్ డార్జిలింగు పాఠశాలలో కొండపై శిక్షణమునకు మొదటి అధిపతి. ఇట్టి చోట్ల క్రొత్తవానికి మొదట నేర్పు పాఠములలో నొకటి పడుట. నవ్వవలదు. గట్టిపడిన మంచువాలుమీద కాలు జాఱినవాడు రెండు మూడు క్షణములలో తన్ను తాను ఆపుకొనకున్నచో ఆగుట కల్ల. కాబట్టి గురువు వానిని, ప్రమాదము లేని వాలుమీద, కావలెనని పడవేయును. వెల్లకిల, బోర్ల, తలక్రిందుగా పడుచు, ప్రతిసారి మంచుగొడ్డలి మొనను ఱొమ్ముక్రింద నదిమి, మంచులో నాటి, ఆగుట నేర్వవలెను. ఆలోచించి చేయునంత వ్యవధి లేదు గనుక, చేయి తానే చేయునంతవఱకు నూఱుసార్లు చేయుదురు. మనము ఎక్కములు వల్లెవేయించుట ఇందుకొఱకే గదా.

పిమ్మట త్రాళ్లు. హిమనది పైకి చదునైన పొలమువలె కనబడును; దానిలో తాటిచెట్టు మునుగునంతటి పగుళ్లుండును; క్రొత్తగా కురిసిన మంచు వానిని పలుచని కప్పుతో మూసివేయును. అందుచే ముగ్గురు నలుగురు ఒకే త్రాటికి దూరదూరముగా కట్టుకొని నడతురు. ఒకడు పడినచో తక్కినవారు మంచుపై కూలబడి గొడ్డళ్లు నాటి వానిని పట్టి నిలుపుదురు. తరువాత గాలికి శరీరమును అలవాటు చేయుట. ఎవరెస్టు కొనయందు గాలి యొత్తిడి సముద్రతీరమున నున్నదానిలో మూడవవంతు మాత్రమే. మనలో నొకనిని తీసికొనిపోయి ఉన్నపాటున అచ్చట దింపినచో కొలది నిమిషములలో స్మృతి తప్పును. దినములు, వారములు గడచినచో రక్తము మాఱి, ఓర్పు వచ్చును. మూడువేల మీటరులు దాటిన పిమ్మట, పడుకొను చోటు దినమునకు అయిదువందల మీటరులకంటె ఎక్కువ పెంచరాదనియు, మూడు నాలుగు దినముల కొకసారి ఆగవలెననియు నియమము. పగలు ఎంత పైకి పోయినను రాత్రి దిగివచ్చి నిదురింపవలెను. తలనొప్పి, వాంతి, తూలుట కనబడినచో పైకి పోరాదు. అవి తీవ్రమైనచో మెదడు వాచుటయో, ఊపిరితిత్తులలో నీరు చేరుటయో సంభవించును. దానికి మొదటి మందు దిగుట. తెల్లవాఱు దనుక ఆగి చూతమన్నవారిలో కొందఱకు తెల్లవాఱలేదు.

ఇన్నిటికంటె కష్టమైన పాఠము మఱలుట. శిఖరము కంటికి కనబడుచుండగా, ఇంత గంటకు చేరకపోయినచో వెనుకకు తిరిగెదనని క్రింద నుండగానే నిశ్చయించుకొని, ఆ గంట కాగానే నిజముగా తిరుగుట. పైకి పోవుటకు కావలసిన బలము కొండమీద ఎందఱకో యుండును; తిరుగుటకు కావలసిన బలము కొందఱకే యుండును.

ఇక 2006. మస్తాన్‌బాబు చేసినది పరుగుపందెమువంటి సాహసమని కొందఱు తలతురు. ఆ తేదీలు చూచినచో అట్లు తోచదు. జనవరి 19 న దక్షిణధ్రువఖండమున విన్సన్, 4,892 మీటరులు. ఫిబ్రవరి 17 న దక్షిణ అమెరికాలో అకొంకాగువా, సుమారు 6,960 మీటరులు. మార్చి 15 న ఆఫ్రికాలో కిలిమంజారో, 5,895 మీటరులు. ఏప్రిల్ 1 న ఆస్ట్రేలియాలో కొజియస్కో, 2,228 మీటరులు. మే 21 న ఎవరెస్టు. జూన్ 13 న ఐరోపాలో ఎల్బ్రుస్, 5,642 మీటరులు. జూలై 10 న ఉత్తర అమెరికాలో డెనాలి, సుమారు 6,190 మీటరులు. గురువారము, శుక్రవారము, బుధవారము, శనివారము, ఆదివారము, మంగళవారము, సోమవారము: వారమందలి యేడు దినములును ఒక్కొక్క శిఖరమునకు ఒక్కొక్కటిగా వచ్చినవి.

ఈ వరుసలో ఒక పంచాంగము దాగియున్నది. దక్షిణధ్రువమునకు జనవరిలో వేసవి. అచ్చట అప్పుడు సూర్యుడు అస్తమింపడు. ఆ రెండు మూడు నెలలు తప్పినచో విమానమే పోదు. అకొంకాగువాకు కాలము ఫిబ్రవరితో ముగియవచ్చును. కిలిమంజారోమీద మార్చి చివరినుండి పెద్దవానలు పట్టుకొనును. ఎవరెస్టుమీద చలికాలపు పెనుగాలి తొలగి, ఋతుపవనము ఇంకను రాకుండు సందు మే మాసమున కొలదిదినములు మాత్రమే. ఎల్బ్రుస్‌కు జూన్ మొదలు; డెనాలికి జూలై నడుమ దాటినచో హిమనదుల పగుళ్లు తెఱచుకొనును. ఏ కొండ తలుపు ఎప్పుడు తెఱచియుండునో గుర్తెఱిగి, ఒకటి మూయకముందే దానిలోనుండి వెలికివచ్చి, వేఱొకటి తెఱవగానే లోనికి పోయెను. ఒక్క తుపాను ఒకచోట పదిదినములు నిలిపినను తక్కిన వరుస యంతయు చెడును. లెక్కలు, నిర్వహణవిద్య చదివినవాని చేయి ఇచ్చట కనబడుచున్నది. ఎవరెస్టు కొఱకు యేబది దినములు వదలుకొనెను. తక్కిన వానికి పదునేడు మొదలు ఇరువదితొమ్మిది దినములు. ఎవరెస్టుమీద సంపాదించిన రక్తబలము చెడకముందే, ఇరువదిమూడు దినములకు ఎల్బ్రుస్ నెక్కెను.

డెనాలి చివర వచ్చుట చిన్న విషయము కాదు. ఎత్తులో ఎవరెస్టుకంటె తక్కువయైనను, అది ఉత్తరధ్రువమునకు చేరువ. అచ్చట గాలి అదే యెత్తుగల హిమాలయ శిఖరములమీదికంటె పలుచన, చలి అధికము. బరువులు మోయు షెర్పాలు లేరు. మంచుపై దిగు చిన్న విమానము హిమనదిమీద దింపి పోవును; అటుపై మూడువారముల తిండి, వంటచమురు, గుడారము వీపుమీద కొంతయు, నడుమునకు కట్టిన బండిపై కొంతయు ఎవరిది వారే లాగుకొనవలెను. త్రాగునీటికి మంచు కరగింపవలెను; చమురు అయిపోయినచో దాహమే. చెమట పట్టినను అపాయమే; తడిసిన నూలుబట్ట చలిని లోనికి పిలుచును. అందుచే నూలును విడిచి ఉన్ని ధరింతురు. నడచునప్పుడు ఒకపొర తీసి, ఆగినప్పుడు వెంటనే తొడుగుదురు. చేతితొడుగు ఒకటి గాలికి ఎగిరిపోయినచో వ్రేళ్లు పోయినట్లే. కావున దానికొక త్రాడు కట్టి మెడలో వేసికొందురు, మన బడిపిల్లల పలకబలపమువలె.

ఇట్టి ప్రాణాపాయకరమైన విద్య మా పిల్లల కేల యని తలిదండ్రులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మేము మా విద్యార్థులను హిమాలయములకు పంపుమని కోరుటలేదు. కాని రామతీర్థపు కొండలకును, మహేంద్రగిరికిని వారు పోవుచునే యున్నారు. ఎవరికిని చెప్పకయు పోవుచున్నారు. వానకు తడిసిన నల్లబండ మంచుగడ్డవలెనే జాఱును. ఎటు పోవుచున్నారో, ఎప్పటికి తిరిగివత్తురో ఇంట చెప్పిపోవుట, ప్రొద్దు వాలకముందే మఱలుట, వెనుకబడినవానిని విడువకుండుట, ఇవి డెనాలిమీద నేర్పునవే, ఇచ్చటనూ పనికివచ్చునవే. మన తీరమున తెప్ప త్రోయువారు ఈ విద్యను ఏ పాఠశాలయు లేకయే నేర్చుకొన్నారు. వారు ముందు ఆకాశము చూతురు. గాలి తిరిగినచో వల విడిచియైనను ఒడ్డు చేరుదురు. పిఱికివారని వారిని ఎవరును అనరు.

నేర్పువారు దొరకినచో మన బాలురు ఏమి చేయగలరో 2014 లో లోకము చూచినది. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలలో చదువుచున్న మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ అనువారు భువనగిరి కోటగుట్టమీద బండ నెక్కుట నేర్చి, డార్జిలింగులో శిక్షణము పొంది, చలికాలమున లడాఖ్ పోయి చలికి అలవాటుపడి, మే 25 న ఎవరెస్టు నెక్కిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. చలికాలమున లడాఖ్ అనుమాటను గమనింపవలెను. వేసవిమంచు వేఱు, చలికాలపు మంచు వేఱు. చలికాలమున మంచు పొరమీద పొరగా పడి, క్రిందిపొర బలహీనమైనచో పైపొర పలకవలె ఒక్కసారిగా విఱిగి జాఱును. ఇదియే హిమపాతము. ముప్పది మొదలు నలుబదియైదు డిగ్రీల వాలుగల చోట్ల ఇది అధికము; అందుచే కాశ్మీరమునందలి గుల్మార్గు వంటి చోట్ల మంచుపై జాఱుడుచెక్కలతో విహరించుట నేర్చువారు వాలును కొలుచుటయు నేర్వవలెను. ఇందు చిక్కి మరణించినవారిలో చాలమందికి ఆ పలకను విఱిచినది తమ బరువో, తమ తోడివాని బరువో. పూడుకొన్నవానికి మొదటి పావుగంటయే ఆశ. ఊరినుండి సహాయము వచ్చునప్పటికి ఆ పావుగంట దాటును. కాబట్టి ప్రక్కన నున్నవాడే పార పట్టవలెను. అందుకే అట్టి వాలును ఒక్కొక్కరుగా దాటుదురు, తక్కినవారు చూచుచుందురు.

మస్తాన్‌బాబు 2006 తో విశ్రమింపలేదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములు ఆయనకు మిక్కిలి ప్రియమైనవి. 2015 మార్చిలో ఆయన అర్జెంటీనా, చిలీ దేశముల సరిహద్దుననున్న ట్రెస్ క్రూసెస్ సుర్ అను శిఖరమునకు పోయెను. ఆ పేరునకు స్పానిషు భాషలో దక్షిణపు మూడు సిలువలని అర్థము. దాని యెత్తు 6,748 మీటరులు. అచ్చట మార్చి చివర వేసవి ముగిసి శరత్తు ప్రవేశించు కాలము. ఆండీస్‌వాసులు తెల్లగాలి యని పిలుచు తుపానొకటి కలదు. అది పడిన మంచునే లేపి విసరును. చాచిన చేయి కనబడదు. మార్చి 24 న ఆయన ఒంటరిగా పైకి బయలుదేరెను. ఆ మీదట జాడ తెలియలేదు. వాతావరణము చెడెను.

ఒంటరిగా పోవుట ఆయనకు క్రొత్తగాదు. అందులో ఆయనకు గొప్ప నేర్పుండెను. ఆయనను తప్పుపట్టుటకు మేము తగము. అయినను ఒకటి చెప్పక తీఱదు. త్రాటికి రెండవ కొన పట్టినవాడు లేనిచోట, కాలు మడతపడినను, స్మృతి చెదరినను, గుడారము చిరిగినను, అది చిన్న కీడుగా నిలువదు. సౌత్ కోల్‌మీద నలుగురుండియు బ్రదుకలేదన్నమాట నిజమే. కాని నలుగురున్నచోట ఎవరేమైనది లోకమునకు తెలిసినది. ఒక్కడున్నచోట అదియు తెలియదు. 2006 లో పంచాంగమును అంత జాగ్రత్తగా చూచిన ఆయన ఈసారి ఋతువు మాఱునప్పుడేల పోయెనో మేము ఊహింప నొల్లము.

ఆయన వచ్చు వేళకు రాకపోవుటచే మిత్రులు కలతపడి అందఱకు తెలియజేసిరి. మన ప్రభుత్వము ఆ రెండు దేశములతో మాటలాడెను. ఆకాశమునుండియు, నేలమీదను వెదకిరి. గాలి అడ్డగించినప్పుడెల్ల ఆగిరి. ఏప్రిల్ 3 న కొండమీద ఆయన దేహము కనబడెను. దానిని క్రిందికి దెచ్చుటకు ఆ చోటి ఆరోహకులు తమ ప్రాణములకు తెగించిరి. సముద్రములు దాటి అది స్వగ్రామము చేరునప్పటికి ఏప్రిల్ మాసము చివరకు వచ్చెను. గాంధీజనసంఘమున ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగెను. నెల్లూరు సీమలో ఎండలు అగ్నివలె మండుచున్న దినములవి.